డిస్నీకి అందరం వెళ్ళాలి సరే, అందరికీ అన్ని రోజులూ టికెట్లెందుకు?

ఆర్లాండో డిస్నీ వరల్డ్‌లో ఉన్న నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఒక్క రోజు టికెట్ 2025 క్రిస్మస్ వారంలో 199 డాలర్లు. దాని మీద పన్ను వేరే. మా ఇంట్లో ఆరుగురం: మేమిద్దరం, పదకొండేళ్ళ అబ్బాయి, ఆరేళ్ళ అమ్మాయి, తణుకు దగ్గర నుంచి వచ్చిన అత్తయ్యగారూ మావయ్యగారూ. ఆ రేటున అందరం ఒక్క రోజు గేటు దాటాలంటేనే 1,260 డాలర్ల పైమాట, ఇంకా లోపల ఏమీ కొనకుండానే. మావయ్యగారు ఫోన్లో లెక్క కట్టి "రెండెకరాల మీద ఏడాది కౌలమ్మా ఇది" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు, లెక్క తప్పని చెప్పడానికి లేదు కదా.

మేం క్రిస్మస్‌కి వెళ్ళలేదు లెండి. కానీ మా కమ్మింగ్‌లో (అట్లాంటాకి ఉత్తరాన, తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్న ఊరు) ఏ ఇంట్లో చూసినా ఇదే మాట. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, పిల్లలకి సెలవులు, డిస్నీకి తీసుకెళ్ళాలి, ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటోంది. అందుకని మేం ఎక్కడ తగ్గించామో, ఎక్కడ తగ్గించలేదో రాస్తున్నాను.

ముందు రేట్ల సంగతి. 1971 అక్టోబర్ 1న డిస్నీ వరల్డ్ తెరిచినప్పుడు పెద్దవాళ్ళ ప్రవేశం మూడున్నర డాలర్లు. రైడ్లకి కూపన్లు వేరేగా కొనుక్కోవాలి గానీ, గేటు దాటడానికి అంతే. ధరల పెరుగుదల కలుపుకున్నా ఆ మూడున్నర ఇప్పటి లెక్కలో 28 డాలర్ల చుట్టూనే వస్తుంది. కాబట్టి "అన్నీ పెరిగాయి, ఇదీ పెరిగింది" అనే మాట ఇక్కడ చెల్లదు. 2018 నుంచి తేదీని బట్టి రేటు పెట్టారు, అంటే సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరికెళ్ళే ప్రైవేటు బస్సు టికెట్ పద్ధతే. ఈ ఒక్క ముక్కతో మావయ్యగారికి మొత్తం అర్థమైపోయింది.

నిజానికి టికెట్ కంటే నాకు కష్టంగా అనిపించేది మునుపు ఊరికే వచ్చేవి ఒక్కొక్కటిగా బిల్లులోకి ఎక్కడం. క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ 1999 నుంచి ఉచితం. 2020లో ఆపేశారు, 2021 అక్టోబర్‌లో జీనీ ప్లస్ అని పేరు మార్చి మనిషికి రోజుకి 15 డాలర్లకి తెచ్చారు, ఇప్పుడు దాని పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, రద్దీ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 35 కూడా దాటుతుంది. దాని మీద ప్రీమియర్ పాస్ ఒకటి 2024లో వచ్చింది, మనిషికి రోజుకి 449 డాలర్ల దాకా! విమానాశ్రయం నుంచి డిస్నీ హోటళ్ళకి ఉచితంగా తిప్పిన బస్సు 2022 మొదట్లో ఆగిపోయింది. పార్కింగ్ 30 డాలర్లకి తగ్గదు. ఇలా తలా ఒక చెయ్యీ వేసేసరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. కంపెనీ మాత్రం పదేళ్ళలో పార్కుల మీదా విహార ఓడల మీదా 60 బిలియన్ డాలర్లు పెడతామని 2023లోనే ప్రకటించింది, కాబట్టి రేట్లు తగ్గుతాయని ఎదురు చూడటం దండగ.

సరే, తగ్గించేది మన వైపే. నా లెక్కలో మన తెలుగు కుటుంబాలకి అసలు ఖర్చు రేట్లలో లేదు, "అందరూ, అన్ని రోజులూ, అన్నీ కలిసే" అన్న పట్టుదలలో ఉంది. పెద్దవాళ్ళని ఇంట్లో వదిలేసి వెళ్తే బాగోదు, వాళ్ళేమనుకుంటారో, ఊళ్ళో చుట్టాలేమనుకుంటారో. అందుకని మోకాళ్ళ నొప్పులతో పది అడుగులు వేయడానికే ఇబ్బంది పడే అత్తయ్యగారికి కూడా నాలుగు పార్కులకీ టికెట్ కొనేస్తాం. ఆవిడేమో ఎండలో బెంచీ మీద కూర్చుని అందరి బ్యాగులూ కాపలా కాస్తూ ఉంటారు. ఇద్దరు పెద్దవాళ్ళకీ నాలుగు రోజుల టికెట్లంటే వెయ్యి డాలర్ల చుట్టుపక్కల. బ్యాగులు కాయడానికి వెయ్యి డాలర్లా?

నేను సూటిగా అడిగేశాను. "అత్తయ్యా, మీకు రోజూ రావాలనుందా, ఒక్క రోజు వచ్చి మిగతా రోజులు ఇంట్లో ఉంటారా" అని. ఆవిడ మా ఆయన వంక ఒకసారి చూసి, "ఒక్క రోజు చాలమ్మా, ఫోటోలు వస్తే చాలు, మిగతా రోజులు నేను వంట చేసి పెడతాను" అన్నారు. మా ఆయనకి మొదట కొంచెం చిన్నతనంగా అనిపించింది, అమ్మానాన్నలకి డబ్బు చూసుకున్నట్టుంటుందని. మావయ్యగారే "ఒరేయ్, మాకు ఆ తిరిగే ఉయ్యాలలెందుకురా" అని తేల్చేశారు.

టికెట్లు ఇంటిల్లిపాదికీ ఒకటేలా ఉండాలని రూలేమీ లేదు. పిల్లలకీ, వాళ్ళతో తిరిగే పెద్దవాళ్ళకీ ఎక్కువ రోజులవి, మిగతావాళ్ళకి తక్కువ రోజులవి కొనుక్కోవచ్చు. మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్టే అక్కర్లేదు, మూడు నుంచి తొమ్మిది దాకా పిల్లల టికెట్, అదీ పేరుకే, తగ్గేది కొద్ది డాలర్లు. పదేళ్ళు నిండితే మీ పిల్లాడు డిస్నీ లెక్కలో పెద్దవాడే. రోజులు పెరిగే కొద్దీ రోజుకి పడే రేటు తగ్గుతుంది, "ఇంకో రోజు దాదాపు ఊరికే వస్తోంది కదా" అనిపిస్తుంది, కానీ ఆ రోజుకి బస, పార్కింగ్, తిండి ఎవరు కడతారు?

పెద్దవాళ్ళ ఆ ఒక్క రోజుకి మేం నాలుగు పార్కుల్లో ఎప్‌కాట్ ఎంచుకున్నాం. చాలామంది మ్యాజిక్ కింగ్‌డమ్‌కే తీసుకెళ్తారు, కోట ముందు ఫోటో కోసం. కానీ ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ అని ఒక పడవ ఉంది. కుదుపుల్లేవు, చీకట్లో అరుపుల్లేవు, పిల్లలు పెద్దగా పట్టించుకోరు కాబట్టి క్యూ కూడా మామూలుగా చిన్నదే. పడవ మెల్లగా గాజు పైకప్పున్న తోటల్లోంచి వెళ్తుంది. అందులో టమాటా, వంగ లాంటివి మట్టి లేకుండా పెంచుతారు, కొన్ని మొక్కలైతే గాల్లో వేలాడుతూ ఉంటాయి, వేళ్ళ మీద నీళ్ళు జల్లుతారు. మావయ్యగారు పడవలోంచి ముందుకి వంగి, మా అబ్బాయి చొక్కా పట్టుకుని, "ఒరేయ్, దీనికి ఎరువెలా అందుతోందో అడగరా" అని ఒకటే గొడవ. వాడు "తాతయ్యా, ఆ మాటలు రికార్డింగు, మనుషులెవరూ లేరు" అంటున్నా వినరు. దిగగానే మళ్ళీ ఎక్కుదామన్నారు, ఎక్కాం. అక్కడ పండే కూరగాయలు ఎప్‌కాట్ హోటళ్ళలో వండుతారని తెలిశాక ఆయనకి గౌరవం ఇంకా పెరిగింది. సాయంత్రం ఎప్‌కాట్‌లోనే పదకొండు దేశాల పేరున కట్టిన వీధుల్లో అత్తయ్యగారిని వీల్‌చెయిర్లో తిప్పాం (అక్కడే అద్దెకిస్తారు, ఉంటే ఇంట్లోదే తీసుకెళ్ళండి), జపాన్ ముందు ఒక ఫోటో, ఫ్రాన్స్ ముందు ఒక ఫోటో, ఊళ్ళో వాట్సాప్ గ్రూపులో వేసేశారు. ఆవిడ దృష్టిలో ప్రపంచ యాత్ర అయిపోయింది.

ఫోటోలంటే గుర్తొచ్చింది. పార్కుల్లో నిలబడి ఉండే ఫోటోగ్రాఫర్లు వాళ్ళ కెమెరాతో తీస్తారు, దానికి డబ్బు కట్టాలి. మన ఫోన్ ఇచ్చి తీయమంటే మాత్రం నవ్వుతూ ఊరికే తీస్తారు. సిగ్గుపడకుండా అడగండి.

మిగతా రోజులు పెద్దవాళ్ళు బస దగ్గరే ఉన్నారు. ఈత కొలను గట్టున కూర్చోవడం, యూట్యూబ్‌లో సీరియల్, మధ్యాహ్నం నిద్ర. ఒక సాయంత్రం అందరం డిస్నీ వాళ్ళ షాపులూ హోటళ్ళూ ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌కి వెళ్ళాం. అక్కడ ప్రవేశానికి డబ్బుల్లేవు, పార్కింగ్‌కీ లేవు. చెరువులో లెగో ఇటుకలతో కట్టిన పెద్ద పాము తలెత్తి ఉంటుంది, అత్తయ్యగారు దాన్ని చూసి దండం పెట్టబోయి మా అమ్మాయి నవ్వేసరికి ఆగిపోయారు. ఇంకో రాత్రి తూర్పు తీరానికి, గంట ప్రయాణం, టైటస్‌విల్ ఒడ్డున నిలబడితే కేప్ కెనావెరల్ నుంచి లేచే రాకెట్ కనిపిస్తుంది, టికెట్ అక్కర్లేదు. ఇప్పుడు వారానికి ఒకటైనా లేస్తోంది, కాకపోతే వాయిదాలు మామూలే, అందుకని దాన్నే నమ్ముకుని ఒక రోజు కేటాయించకండి. శ్రీహరికోట రాకెట్లని టీవీలో చూసే మావయ్యగారికి ఆ రాత్రి డిస్నీ కంటే గొప్ప. కింద ఇసుక అదురుతున్నట్టు ఉందన్నారు.

పిల్లల సంగతికొస్తే, వాళ్ళ దగ్గర పిసినారితనం చూపిస్తే ఇంత దూరం వచ్చీ అర్థం లేదు. అక్కడ డబ్బు పెట్టాం, కానీ అవసరమైనవాళ్ళకే. లైట్నింగ్ లేన్ కుటుంబం మొత్తానికీ కొనక్కర్లేదు, పెద్ద రైడ్లు ఎక్కేది అబ్బాయీ వాళ్ళ నాన్నే కాబట్టి వాళ్ళిద్దరికే, అదీ మ్యాజిక్ కింగ్‌డమ్ రోజున మాత్రమే కొన్నాం. ఎప్‌కాట్‌కీ యానిమల్ కింగ్‌డమ్‌కీ నా ఉద్దేశంలో అది దండగ, పొద్దున్నే గేటు తీసే టైముకి అక్కడుంటే మొదటి గంటలో ఎక్కేయవచ్చు. పొద్దున్నే అంటే నిజంగా పొద్దున్నే. మన పెళ్ళిళ్ళకి బయల్దేరినట్టు బయల్దేరితే మాత్రం కుదరదు.

రైడర్ స్విచ్ గురించి మనవాళ్ళలో చాలామందికి తెలియదు, పైసా ఖర్చు లేదు. ఎత్తు చాలని చిన్న పిల్ల ఉన్నప్పుడు, రైడ్ ముందున్న మనిషికి చెబితే, ఒకరు పెద్ద పిల్లాడితో ఎక్కుతారు, ఇంకొకరు చిన్నదాన్ని పట్టుకుని బయట ఉంటారు. వాళ్ళు దిగాక రెండోవాళ్ళు మళ్ళీ మొత్తం క్యూ నిలబడకుండా వెళ్ళవచ్చు, తమతో పెద్ద పిల్లాడిని కూడా తీసుకెళ్ళవచ్చు. మా వాడు ప్రతిదీ నాన్నతో ఒకసారి, నాతో ఒకసారి ఎక్కాడు. చెల్లెలి ఎత్తు చాలకపోవడం మీద వాడికి అంత ప్రేమ ఎప్పుడూ లేదు.

ఇక తిండి. పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్ళనిస్తారు. నమ్మరు గానీ నిజం, మన దగ్గర సినిమా హాళ్ళలా కాదు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు ముక్కలు కూడదు, గడ్డకట్టించే ఐస్ ప్యాకులు పెట్టుకోవచ్చు. అత్తయ్యగారు తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, చపాతీల్లో బంగాళదుంప కూర చుట్టి, పెరుగన్నం విడిగా ఐస్ ప్యాకు పక్కన పెట్టి ఇచ్చేవారు. బ్యాగు చెక్ చేసే ఆయన డబ్బా మూత కొంచెం తెరిచి, ఇంగువ వాసనకి కళ్ళు పెద్దవి చేసి, "స్మెల్స్ గుడ్" అని పంపించాడు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొలంబియా హార్బర్ హౌస్ అని ఒక హోటల్ ఉంది, మేడ మీద కూర్చునే చోట చల్లగా, కింద కంటే ప్రశాంతంగా ఉంటుంది. పిల్లలకి ఒక ఫ్రైస్ కొనుక్కుని, ఐసు వేసిన మంచినీళ్ళు అడిగి (గ్లాసుల్లో ఊరికే ఇస్తారు, సోడా యంత్రం ఉన్న చోటల్లా అడగవచ్చు, సీసా నీళ్ళు కొనకండి), అక్కడ కూర్చుని తిన్నాం. పూటకి వంద డాలర్ల పైన మిగిలింది, పైగా మాలో శాకాహారులకి ఏం దొరుకుతుందో అని వెతికే టెన్షన్ లేదు. కానీ మిక్కీ ఐస్‌క్రీమ్ మాత్రం కొన్నాం. అది కూడా కొనకపోతే పిల్లలు పెద్దయ్యాక కూడా ఎత్తి పొడుస్తారు.

బసకి కిసిమీ, డావెన్‌పోర్ట్ వైపు వంటగది ఉన్న ఇళ్ళు దొరుకుతాయి. మనవాళ్ళు రెండు మూడు కుటుంబాలు కలిసి ఐదారు గదుల విల్లా తీసుకుంటారు, తలకి చూస్తే చవకే. రేటు చూసేటప్పుడు శుభ్రం చేసినందుకు, కొలను నీళ్ళు వేడి చేసినందుకు విడిగా ఎంత వేస్తున్నారో చూడండి, పైన హోటల్ పన్ను ఆరెంజ్ కౌంటీలో 12.5 శాతం, ఓసియోలాలో 13.5. కానీ ఇంకో ఖర్చు ఏ వెబ్‌సైట్‌లోనూ కనిపించదు. పక్క గదిలో వాళ్ళు పిల్లలకి ప్రిన్సెస్ బ్రేక్‌ఫాస్ట్ బుక్ చేశారని తెలిస్తే మీ అమ్మాయి మొహం చూడాలి, వాళ్ళు అందరికీ పాస్ కొంటే మీ ఆయన కూడా "పోనీ మనమూ కొందాం" అంటాడు. కలిసి వెళ్తే అద్దె తగ్గుతుంది, మిగతావన్నీ పెరుగుతాయి. మేం ఈసారి చిన్న ఇల్లు, మా ఆరుగురమే. అద్దె కొంచెం ఎక్కువైనా ప్రాణానికి హాయిగా ఉంది.

ప్రయాణం కారులోనే. కమ్మింగ్ నుంచి ఐ-75 పట్టుకుని కిందకి దిగిపోతే వైల్డ్‌వుడ్ దగ్గర టర్న్‌పైక్ (టోలు రోడ్డు), ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటలు వేసుకోండి. ఆరుగురికి విమానం, అక్కడ అద్దె కారు లెక్కేస్తే ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. వార్నర్ రాబిన్స్ దగ్గర బకీస్‌లో (బీవర్ బొమ్మ గుర్తున్న పెద్ద పెట్రోలు బంకు, షాపు) ఆగితే మాత్రం పిల్లల్ని పట్టుకోండి, మేం డిస్నీ చేరకముందే ఒక బొమ్మ బీవర్ కారెక్కింది.

ఎప్పుడు వెళ్ళాలంటే, థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా, స్ప్రింగ్ బ్రేక్ వద్దు. మేం లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటాక పిల్లలకి బడి మానిపించి వెళ్ళాం. ఎండ మండుతుంది, మధ్యాహ్నం వాన కొడుతుంది, తుఫానుల కాలం, అన్నీ నిజమే, అందుకే రేటు తక్కువ. డాలర్ స్టోర్‌లో ప్లాస్టిక్ వానకోట్లు కొని పెట్టుకోండి. ఆ రోజుల్లో ఇంకో వెసులుబాటు ఉంది: మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొన్ని రాత్రులు హాలోవీన్ పార్టీ, దానికి వేరే టికెట్, మామూలు టికెట్ వాళ్ళు సాయంత్రం ఆరుకి బయటికి రావాలి. బాణసంచా చూడలేమని చాలామంది ఆ రోజు మానుకుంటారు, దాంతో పగలు క్యూలు చిన్నవి. ఆరేళ్ళ పిల్ల ఆరింటికల్లా ఎలాగూ నిద్రకి తూలుతుంది, మాకు పోయిందేమీ లేదు.

టార్గెట్ షాపు వాళ్ళ కార్డు ఉన్నవాళ్ళు దానితో డిస్నీ గిఫ్ట్ కార్డులు కొంటే 5 శాతం తగ్గుతుంది, ఆ కార్డులతోనే టికెట్లు కొనుక్కోవచ్చు. మిక్కీ చెవుల హెయిర్‌బ్యాండ్ పార్కు లోపల 30 డాలర్ల పైనే, బయట కొని బ్యాగులో దాచి పెట్టుకుని గేటు దగ్గర తీయండి, పిల్లలకి తేడా తెలియదు. ఇంకొకటి, గ్రూపుల్లో "మాకు రెండు రోజులు మిగిలాయి, సగం రేటుకి ఇస్తాం" అని ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. కొనకండి. టికెట్ ఒకరి నుంచి ఒకరికి మారదు, గేటు దగ్గర వేలు పెట్టించుకుంటారు. మొదటి రోజు వాడిన మనిషి వేలు, మీ వేలు ఒకటి కాదు కదా.

ఇప్పుడు మా వాడి కొత్త పాట ఎపిక్ యూనివర్స్, ఆర్లాండోలోనే యూనివర్సల్ వాళ్ళ కొత్త పార్కు. 2025 మే 22న తెరిచినప్పటి నుంచి క్లాసులో అందరూ అదే మాటట. అక్కడ పెద్ద రైడ్లు కొన్నింటికి 48 అంగుళాల ఎత్తుండాలి, చెల్లి అంత ఎత్తు పెరిగాకే ఆ పార్కు మాట అన్నాను, కనీసం ఏడాదైనా ఊపిరి పీల్చుకోవచ్చని. వాడు అప్పటి నుంచి దానికి రోజూ రెండు గ్లాసుల పాలు పట్టిస్తున్నాడు.